ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి దురద: గజ్జి అవునో కాదో తేల్చుకోవడం ఎలా

మా అక్క కొడుకు దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చి, ఉన్న పది రోజులూ అమ్మమ్మ పక్కలోనే పడుకున్నాడు. వాడు వెళ్లిన నెలకు మా అమ్మకు రాత్రిళ్లు దురద మొదలైంది. వేడి చేసిందనుకుని వంకాయ మానేసింది. తగ్గలేదని గోంగూర మానేసింది, ఆ తర్వాత ఎండుచేపలు. సంక్రాంతి నాటికి నాన్న, నేను, మా చిన్నాడు కూడా గోక్కోవడం మొదలుపెట్టాం. ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షను, మందుల షాపులో రెండు ట్యూబులు, ఎలర్జీ ఏమోనని ఒక రక్తపరీక్ష, అన్నీ అయ్యాయి. చివరికి ఒక చర్మ డాక్టరు అమ్మ చేతివేళ్లు విడదీసి చూస్తూ, "ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందామ్మా?" అని అడిగారు. మూడు నెలల్లో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కరే. పోనీ మేమైనా చెప్పామా అంటే, అదీ లేదు. సిగ్గు.

గజ్జి అనే మాట మనకు జబ్బు పేరు కంటే తిట్టుగానే ఎక్కువ అలవాటు. కులగజ్జి అంటాం చూడండి, అలా. అందుకే అది మన ఇంట్లో ఉందని చెప్పడానికి నోరు రాదు. కానీ రెండుపూటలా స్నానం చేసేవాళ్లకూ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, ఎప్పుడు చూసినా ప్రపంచంలో 20 కోట్ల మందికి పైగా దీంతో బాధపడుతూ ఉంటారు.

గజ్జిని తేల్చడానికి పెద్ద మెషీన్లేమీ అక్కర్లేదు. చెడగొట్టని చర్మం, సరైన వివరం ఉంటే చాలు. చిక్కేమిటంటే, డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఆ రెండింటినీ మనమే పాడుచేసుకుంటాం. అది జరగకుండా ఏం చేయాలో చెప్పడానికే ఇదంతా.

ముందు ఎక్కడెక్కడ ఉందో చూసుకోండి

గజ్జి పురుగు ఎనిమిది కాళ్ల జీవి. ఆడపురుగు కూడా అర మిల్లీమీటరు ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతూ, నెలా నెలన్నర బతుకుతుంది. మన దురదకు కారణం అది కరవడం కాదు. ఆ పురుగు, దాని గుడ్లు, దాని మలం మన ఒంటికి పడకపోవడం. ఒంటికి ఆ సంగతి తెలియడానికి టైమ్ పడుతుంది కాబట్టి, మొదటిసారి అంటుకున్నవాళ్లకు దురద మొదలయ్యేసరికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. ఇదివరకు ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకైతే 1 నుంచి 4 రోజులు చాలు. "నిన్న బస్సులో ఎవరో పక్కన కూర్చున్నారు, ఇవాళ దురద" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. నెలన్నర వెనక్కి వెళ్లి చూడండి: ఎవరింట్లో పడుకున్నారు, ఎవరు మీ ఇంట్లో పడుకున్నారు?

ఇప్పుడు పగటి వెలుతురులో, గది తలుపు వేసుకుని ఒళ్లంతా చూసుకోండి. చేతివేళ్ల సందులు, మణికట్టు లోపలివైపు, మోచేతి వెనక, చంక ముందుమడత, బొడ్డు చుట్టూ, మొలతాడు లేదా లంగా బొందు బిగిసేచోటు, పిరుదులు, గజ్జలు. ఆడవాళ్లకు చనుమొనల చుట్టూ. మగవాళ్లకు మర్మాంగం మీద, వృషణాల మీద దురదపెట్టే చిన్న గట్టి బుడిపెలు వస్తే అది చాలా పెద్ద ఆనవాలు. అందరూ దాచిపెట్టేది కూడా అదే. చంటిపిల్లలకైతే తల, ముఖం, అరచేతులు, అరికాళ్లు కూడా చూడాలి. పెద్దవాళ్లకు మెడ పైన సాధారణంగా రాదు.

ఎక్కువగా కనిపించేవి గోకి గోకి పైన పెచ్చుకట్టిన ఎర్రటి పొక్కులు. వాటి మధ్య ఓపిగ్గా వెతికితే ఒక సన్నటి గీత దొరకొచ్చు. బూడిదరంగులోనో చర్మపు రంగులోనో, అర సెంటీమీటరో ఒక సెంటీమీటరో పొడవు, కాస్త వంకర, పెన్సిల్ ముల్లు తగిలి గీసుకున్నట్టు. ఒక కొసన చుక్క ఉంటుంది. అదే సొరంగం. మా అమ్మకు ఎడమచేతి చిటికెనవేలు పక్కన ఉంది. మూడు నెలలు దాన్ని కత్తిపీట గాటు అనుకున్నాం. మీకు ఆ గీత దొరక్కపోతే గజ్జి కాదని తీర్మానించకండి. చాలామందికి గోళ్లే దాన్ని చెరిపేస్తాయి.

మామూలు గజ్జిలో ఒక మనిషి ఒంటిమీద ఉండే పురుగులు మహా అయితే 10, 15. ఇంత దురదకు అన్నేనా అనిపిస్తుంది కానీ అంతే. ఈ అంకె గుర్తుంచుకోండి, పరీక్ష దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వేరే పురుగు కావచ్చా?

కావచ్చు. పొద్దున లేచేసరికి చేతులు, మెడ లాంటి బయటికున్న చోట్ల వరసగా దద్దుర్లు ఉంటే పరుపు కుట్లు, మంచం సందులు వెతకండి. నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులు. తలలో, చెవుల వెనక, మెడ మీద దురదైతే పేలు. సముద్రపు ఇసుకలో చెప్పుల్లేకుండా తిరిగొచ్చాక పాదం మీద ఎర్రటి వంకర గీత రోజురోజుకూ జరుగుతూ ఉంటే అది కుక్కల, పిల్లుల కడుపులో ఉండే కొక్కెపురుగు పిల్ల. దారితప్పి మన చర్మంలోకి వస్తుంది. గజ్జి పట్టిన కుక్క నుంచి మనకు దురద రావచ్చు, కానీ ఆ రకం పురుగు మన ఒంటిమీద పెరగదు, కుక్కకు వైద్యం చేయిస్తే మనకూ పోతుంది.

గజ్జి, తామర అని జంటగా అనేస్తాం గానీ తామరలో పురుగే లేదు. అది ఫంగస్. గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా లేచి, మధ్యలో తేటగా ఉంటుంది. ఇదీ ఇంట్లో ఒకరినుంచి ఒకరికి పాకుతుంది కాబట్టి అందరికీ దురద ఉన్నంత మాత్రాన గజ్జే అనుకోవద్దు.

కొన్నింటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. పొలంలో, పొదల్లో తిరిగొచ్చాక జ్వరం వచ్చి, ఒంటిమీద ఎక్కడో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఆ పెచ్చు చూపించండి. పొక్కులు చీముపట్టి జ్వరం వచ్చినా, పిల్లలకు గజ్జి పుళ్ల తర్వాత ముఖం ఉబ్బి మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా అదే రోజు వెళ్లాలి. పుళ్లలో చేరిన క్రిముల వల్ల కిడ్నీ మీద దెబ్బపడుతుంది. మంచంపట్టిన ముసలివాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు చేతుల మీద మందంగా పెచ్చులు కట్టడం మరో ప్రమాదకరమైన రకం. దురద తక్కువే ఉండొచ్చు, పురుగులు మాత్రం వేలల్లో, లక్షల్లో ఉంటాయి. ఒక్కరి నుంచి వార్డు మొత్తానికి పాకేది ఇదే.

వెళ్లేలోపు ఏమీ పూయకండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మందుల షాపులో "దురదకు ట్యూబివ్వండి" అంటే చేతిలో పెట్టే వాటిలో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉందేమో చదవండి. పూసిన రెండు రోజులకు ఎరుపు, దురద తగ్గుతాయి. పురుగు మాత్రం హాయిగా గుడ్లు పెట్టుకుంటుంది. డాక్టరు చూసేసరికి పొక్కుల తీరే మారిపోయి ఉంటుంది. దీన్ని వాళ్లు 'స్కేబీస్ ఇన్‌కాగ్నిటో' అంటారు, మారువేషంలో ఉన్న గజ్జి అన్నమాట. మా ఇంట్లో రెండు ట్యూబులూ ఆ బాపతువే. ఇప్పటికే వాడుతుంటే ట్యూబు, అట్టపెట్టె పారేయకుండా వెంట తీసుకెళ్లండి. నెలల తరబడి పూస్తున్నవాళ్లు ఎలా ఆపాలో కూడా ఆ డాక్టరునే అడగాలి.

వేపాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేస్తే తప్పులేదు, ఒంటికి హాయిగానే ఉంటుంది. పసుపు పట్టించుకోవడం మాత్రం వెళ్లే రెండు మూడు రోజుల ముందే ఆపండి. చేతులకు గోరింటాకు ఉంటే మరీ కష్టం. ఆ ఎరుపులో సన్నటి గీత ఏం కనిపిస్తుంది? వెళ్లే రోజు కొబ్బరినూనె, పౌడరు కూడా వద్దు. గోళ్లు మాత్రం కత్తిరించుకోండి, పుళ్లు పడకుండా ఉంటాయి.

కిరసనాయిలు, ఫినాయిల్, చేలో కొట్టే పురుగుమందు ఒంటికి రాసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పురుగుమందు చర్మంలోంచి కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. ప్రాణాలు పోతాయి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

అర కాగితం చాలు

డాక్టరు దగ్గర దొరికే టైమ్ ఐదు నిమిషాలు. అక్కడ కూర్చున్నాక ఏదీ గుర్తురాదు. అందుకని ముందే ఒక కాగితం మీద రాసుకోండి. దురద ఏ నెలలో, ఏ భాగంలో మొదలైంది. రాత్రి ఎక్కువా, పగలు ఎక్కువా. ఇంట్లో ఎవరెవరికి, ఎవరి తర్వాత ఎవరికి మొదలైంది. హాస్టల్లో చదివే పిల్లలు, ఆసుపత్రిలో ఉండొచ్చినవాళ్లు, ఇంట్లో పనిచేసేవాళ్లు, పక్కలో పడుకునేవాళ్లు ఎవరు. ఇప్పటిదాకా వాడిన మందులు. షుగర్, బీపీ, థైరాయిడ్ మాత్రల పేర్లు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చంటిపిల్లలు ఉంటే అదీ, పిల్లల బరువూ. బరువు ఎందుకంటే కొన్ని మందులు 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వరు.

మా కాగితం ఇలా ఉంటే సరిపోయేది: "మనవడు, అక్టోబరు. అమ్మ, నవంబరు. నాన్న, నేను, బాబు, జనవరి. అందరికీ రాత్రిళ్లే." ఈ రెండు లైన్లు చదివితే సగం సంగతి తెలిసిపోతుంది.

ఇది నా సొంత కవిత్వం కాదు. ఇంటర్నేషనల్ అలయన్స్ ఫర్ ద కంట్రోల్ ఆఫ్ స్కేబీస్ అనే నిపుణుల బృందం 2020లో గజ్జి నిర్ధారణకు ప్రమాణాలు ప్రచురించింది. పురుగునో గుడ్లనో కళ్లతో చూస్తే ఖాయం. చూడకపోయినా, సరైన చోట్ల సరైన రకం పొక్కులుండి, దురద ఉండి, దురద ఉన్న మనిషితో దగ్గరగా మెలిగిన చరిత్ర కూడా ఉంటే లక్షణాల ఆధారంగానే గజ్జి అని చెప్పొచ్చు. అంటే మీరు నోరు విప్పి చెప్పేది కూడా పరీక్షలో భాగమే. మీరు దాచింది డాక్టరుకు ఏ స్కానింగులోనూ కనపడదు.

ఎక్కడికి వెళ్లాలి

మామూలు గజ్జికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు. హైదరాబాదులో ఉంటే బస్తీ దవాఖానాకు వెళ్లొచ్చు. అక్కడ తేలకపోతే, లేదా మందు వాడినా తగ్గకపోతే, చర్మ డాక్టరు. బోధనాసుపత్రుల్లో ఓపీ చీటీ మీద డివిఎల్ అని రాస్తారు. ఆ గది బయట బోర్డు మీద "చర్మ, సుఖవ్యాధుల విభాగం" అని ఉంటుంది. ఆ బోర్డు చూసి వెనక్కి తిరిగొచ్చినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. చర్మ జబ్బులు, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ ఒకే కోర్సులో చదువుతారు కాబట్టి బోర్డు అలా ఉంటుంది, అంతే.

వీలైతే దురద ఉన్నవాళ్లంతా కలిసి వెళ్లండి. ఒకరి చేతిమీద చెరిగిపోయిన గీత ఇంకొకరి చేతిమీద దొరుకుతుంది. రాలేనివాళ్లకు ఈ-సంజీవని అనే ప్రభుత్వ సేవలో ఫోన్ ద్వారా డాక్టరుకు చూపించుకునే వీలుంది. ఫోటోలు తీస్తే కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి తీయండి. పక్కన స్కేలు పెడితే సైజు తెలుస్తుంది.

లోపలికి వెళ్లాక

"ఎలర్జీ అనుకుంటానండి" అని మొదలుపెట్టకండి. మనం జబ్బు పేరు చెప్తే, రద్దీలో ఉన్న డాక్టరు దానికే మందు రాసేసే ప్రమాదం ఉంది. కాగితం చేతికివ్వండి, "ఇంట్లో నలుగురికి ఉందండి" అని చెప్పండి. గజ్జల్లో ఉంటే అదీ చెప్పండి. కర్టెన్ వేయమని, ఆడవాళ్లయితే నర్సును పక్కన ఉండమని అడగడం మీ హక్కు. బట్టలపై నుంచే చూసి రాసేస్తుంటే, "వేళ్ల సందుల్లో, నడుము దగ్గర ఒక్కసారి చూస్తారా" అని మర్యాదగా అడగొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. పట్టినా ఫరవాలేదు.

పరీక్షలు రెండు మూడు రకాలు. డెర్మోస్కోపు అనే లైటున్న భూతద్దంతో చూస్తే సొరంగం కొసన చిన్న నల్లటి త్రికోణం, వెనక తెల్లటి గీత, ఆకాశంలో పొగ వదులుతూ పోయే జెట్ విమానంలా కనిపిస్తుంది. లేదా గీత మీద సిరా పూసి స్పిరిట్ దూదితో తుడుస్తారు. పైన సిరా పోతుంది, సొరంగంలోకి దిగింది మిగులుతుంది. మూడోది, చుక్క నూనె వేసి బ్లేడుతో పైపొరను గీకి, గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూడటం. కోత కాదు, గీరుకుపోయినట్టుంటుంది. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్తే భయపడరు.

గీకేటప్పుడు చీముపొక్కును కాకుండా, గోకని గీతను ఎంచుకోవాలి. దీని వెనక ఒక కథ ఉంది. 1812లో పారిస్‌లో గాలెస్ అనే ఆయన చీముపొక్కుల్లో గజ్జి పురుగును పట్టానని బొమ్మలతో సహా ప్రకటించాడు. తీరా అది జున్నుకు పట్టే పురుగని తర్వాత తేలింది. మరి అసలు పురుగు లేదేమో అనే దాకా వెళ్లింది వ్యవహారం. 1834లో కోర్సికా దీవి నుంచి వచ్చిన రెనూచీ అనే వైద్య విద్యార్థి, తన ప్రాంతపు పల్లెటూరి ఆడవాళ్లు సూదితో ఎలా తీసేవారో చూసినవాడు కాబట్టి, సొరంగం కొసన సూదిమొన పెట్టి పురుగును బయటికి తీసి చూపించాడు. ప్రొఫెసర్లకు తెలియనిది ఆ ఆడవాళ్లకు తెలుసు.

గీకినప్పుడు ఏమీ దొరకలేదని రిపోర్టు వస్తే? ఒంటిమొత్తం మీద ఉండేది 10, 15 పురుగులే కదా, గీకిన చోట లేకపోవచ్చు. "లేదు" అని వచ్చినంత మాత్రాన గజ్జి కాదని కాదు. డాక్టరు చూసి, విని గజ్జి అంటే వైద్యం మొదలుపెట్టొచ్చు. గజ్జిని తేల్చే మామూలు రక్తపరీక్ష అంటూ ఏదీ లేదు. వేలు పోసి ఎలర్జీ ప్యానెల్ చేయించే ముందు "ఇది దేనికండీ?" అని అడగండి. మేము అడగలేదు.

అగ్గిపెట్టెలో తెచ్చిన పురుగు

చాలామంది ఒంటిమీద దొరికిందంటూ ఏదో ఒకటి అగ్గిపెట్టెలో పెట్టి తెస్తారు. నిజంగా దొరికితే తేవడం మంచిదే. పేను, నల్లి, కుక్క నుంచి పాకిన గోమారు లాంటివి చూడగానే తెలిసిపోతాయి. అగ్గిపెట్టెలో నలిగిపోతుంది కాబట్టి సెల్లోటేపుకి అంటించి తెల్లకాగితం మీద వేయండి, తేదీ రాయండి. ఒకటి రెండు చాలు.

కొందరికి మాత్రం చర్మం కింద పాకుతున్నట్టే ఉంటుంది, ఎన్నిసార్లు చూపించినా ఆ టేపు మీద పెచ్చులు, దారప్పోగులే తేలుతాయి. బాధ అబద్ధం కాదు. వయసులో చర్మం పొడిబారడం, షుగర్, థైరాయిడ్, కిడ్నీ, లివర్ సమస్యలు, నరాల జబ్బు, కొన్ని మందులు, ఇవన్నీ అలాంటి దురదను తెప్పించగలవు. "పురుగు లేకపోతే మరి దురద ఎందుకు, దానికి పరీక్షలు రాస్తారా?" అని అడగండి. అన్నీ చూశాక మనసుకు సంబంధించిన డాక్టరును కూడా కలవమంటే, పిచ్చి అన్నారని లేచి రాకండి. పురుగు ఉందనే నమ్మకం గట్టిగా పాతుకుపోవడం కూడా ఒక జబ్బే, 1930ల చివర్లో దీన్ని వివరించిన ఎక్బోమ్ అనే స్వీడన్ నరాల వైద్యుడి పేరు మీద ఎక్బోమ్ సిండ్రోమ్ అంటారు. మందులకు తగ్గుతుంది. ఈలోపు సూదితో, బ్లేడుతో కెలుక్కోవద్దు.

గజ్జి అని తేలాక

బయటికి వచ్చేలోపు నాలుగు విషయాలు అడిగి రాయించుకోండి: ఇంట్లో ఎవరెవరు వాడాలి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎన్ని గంటలు, రెండోసారి ఎప్పుడు. ఎక్కువగా రాసేది పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. రాత్రిపూట మెడ నుంచి అరికాళ్లదాకా, గోళ్ల కింద, బొడ్డులో, గజ్జల్లో వదలకుండా పట్టించి 8 నుంచి 14 గంటలు ఉంచాలి. వారానికి మళ్లీ. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. ఇదే మేము మొదటిసారి మర్చిపోయింది, అంట్లు తోమాక అమ్మ మళ్లీ రాసుకోలేదు. ఐవర్‌మెక్టిన్ మాత్రలు బరువును బట్టి ఇస్తారు, గర్భిణులకు ఇవ్వరు. పక్కింటివాళ్ల చీటీ చూసి కొనుక్కునే మందు కాదు.

దురద లేనివాళ్లు సహా ఇంట్లో అందరూ అదే రాత్రి రాసుకోవాలి. దురద మొదలు కాకముందే పురుగు ఉండొచ్చని పైన చెప్పుకున్నాం కదా. గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో వారం కట్టి పెట్టండి. మనిషి ఒంటిని వదిలితే ఈ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. పిల్లవాడి హాస్టల్ వార్డెనుకు ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే వేసవి సెలవులకు మళ్లీ ఇంటికి వస్తుంది.

పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. మందు పనిచేయలేదని రోజూ రాసుకుంటే ఆ మంటే కొత్త దురద అవుతుంది. రెండో పూత తేదీ నుంచి నాలుగు వారాలు లెక్కపెట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. అది దాటాకా దురద ఉన్నా, మధ్యలో కొత్త గీతలు కనిపించినా, అదే కాగితం తీసుకుని మళ్లీ వెళ్లండి. ఎవరు ఏ రోజు రాసుకున్నారో, ఎవరు మానేశారో దాని వెనక రాసి పెట్టుకోండి. మా కాగితం వెనక "అమ్మ, చేతులు, అంట్లు" అని రాసి ఉంది. డాక్టరు అది చదివి నవ్వి, ఇంకో ట్యూబు రాసిచ్చారు.